బుడగ వ్యాసం

జూన్ 3

అత్తా,

చెవి మిషన్ పెట్టుకుంటున్నావా, సొరుగులో పడేశావా? మొన్న ఫోన్‌లో నేను "చమురు" అంటే నువ్వు "చలి" అని విని, జ్వరానికి వేసుకోవాల్సిన మాత్రలన్నీ ఏకరువు పెట్టావు. నా వెనక ఫోన్ కోసం నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలు పొట్ట పట్టుకుని నవ్వారు. ముప్పై ఏళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన నిలబడ్డ చెవులతో వాదించి గెలవలేను కాబట్టి ఇక ఉత్తరాలే రాస్తాను.

నేనేం చేస్తున్నానో మళ్లీ చెప్పమన్నావు. నీ ట్రాన్స్‌ఫార్మర్ లోపల తీగచుట్టలు చమురులో మునిగి ఉంటాయి కదా. ఆ చమురు కరెంటును తన గుండా పోనివ్వదు. కానీ ఓల్టేజీ మితిమీరితే, మొనదేలిన చోట ఎక్కడో మొదలై, కొమ్మలు కొమ్మలుగా చీలుతూ ఒక సన్నటి మెరుపు చమురులోకి చొచ్చుకుపోతుంది. అది అవతలి గట్టు తాకిందంటే ఇక అంతే సంగతులు, బ్రేక్‌డౌన్. నిజంగా జరిగేటప్పుడు ఆ వేగానికి కన్ను అందదు. అందుకని నేను దాన్ని కంప్యూటర్‌లో, లెక్కల మీద, నెమ్మదిగా జరిపించి చూస్తాను. చమురును బొత్తిగా చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఎంత విద్యుదావేశం పోగైంది, పక్క గడిలోకి ఎంత పాకింది అని లెక్క కడుతూ పోతాను. మెరుపు కొస దగ్గర గళ్లు ఇంకా సన్నంగా ఉండాలి. లేకపోతే లెక్క తిక్కతిక్కగా ఎగిరి ఎటో పోతుంది.

ఈ నెలంతా రోజూ బ్రేక్‌డౌనే అత్తా. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా బ్రేక్‌డౌన్. ఎందుకవుతోందో తెలియడం లేదు, ఆపడం నా వల్ల కావడం లేదు. మా మేడం మాత్రం "అవనీ, ఇంకొంచెం పెంచి చూడు" అంటారు.

నా గది కిటికీకి ఎదురుగా పక్క భవనం గోడ, దాని మీద ఒక వాననీళ్ల గొట్టం. ఇంతకన్నా చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి పని బాగానే సాగుతోంది. మామయ్యను అడిగానని చెప్పు.

నీ పిడుగు

జూన్ 9

పిడుగూ,

ఇది నీ చేతికి వచ్చేసరికి మీ నాన్న నీ గది గుమ్మంలో దిగి ఉంటాడు. తప్పు నాది కాదు, మీ మామయ్యది. నేను డ్యూటీలో ఉండగా నీ ఉత్తరం వస్తే విప్పి చదివేశారు. చమురు సంగతి, గళ్ల సంగతి అంతా గాలికొదిలేసి, "రోజూ బ్రేక్‌డౌన్, ఆపడం నా వల్ల కావడం లేదు" అన్న రెండు ముక్కలు పట్టుకున్నారు. ఆపైన మేడం ఇంకా పెంచమంటోందని చదివి, ఆవిడెవరో రాక్షసి అని తీర్మానించి, మీ నాన్నకు ఫోన్ కొట్టారు. నేను ఇంటికొచ్చేసరికి అన్నయ్య బస్సు కూడా ఎక్కేశాడట. జీవితమంతా పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి కదా, మీ మామయ్యకు ఎక్కడ చూసినా సామ్రాజ్యాలు కూలిపోతూనే కనిపిస్తాయి. మీ నాన్నకు తిండి పెట్టి, నిద్రపుచ్చి, నెమ్మదిగా చెప్పి పంపించు.

మా యార్డులో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయని తెలుసుగా. ఇప్పుడు పెద్దదానికి జబ్బు చేసింది. మూత కింద రబ్బరు గాస్కెట్ ఎండి చిట్లి, చమురు బొట్లు బొట్లుగా కారుతోంది. దాన్ని లైనులోంచి తప్పించి చమురు దించేశాం. ఊరి భారమంతా చిన్నదాని నెత్తిన పడింది. ఆస్పత్రి, నీళ్ల పంపులు, సగం వీధులు, అన్నీ దాని మీదే. దాని ఒళ్లు వేడెక్కిపోతుంటే పక్కన పెద్ద ఫ్యాన్లు పెట్టించి, జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు గంటగంటకూ వేడి చూపే ముల్లు చూస్తున్నాం.

కొత్త గాస్కెట్ వేసి, చమురు శుద్ధి చేసి నింపి, గాలి బుడగలు పోయేదాకా నిలవనిచ్చి, టెస్టు చేసి, అప్పుడు ఆన్ చేయాలి. మా పెద్దసారుకు ఆ "అప్పుడు" అన్న మాటే గిట్టదు. "నిలవనివ్వడం ఎందుకండీ, నిలబడ్డది చమురా మనమా?" అంటారు.

నీ లెక్కల్లో బుడగలు కూడా ఉంటాయా? ఉంటే ఏం జరుగుతుందో రాయి. ఊరికే, తెలుసుకుందామని.

అత్త

జూన్ 14

అత్తా,

నాన్న వచ్చారు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో గొడుగు. తలుపు తీయగానే నా నుదురు పట్టుకుని చూశారు.

"ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు నాన్నా. బ్రేక్‌డౌన్ అయింది చమురుకి."

"చమురుకా?"

"చమురుకే."

నన్ను పైనుంచి కిందకి చూసి, "మరి నువ్వెందుకిలా చిక్కిపోయావు?" అన్నారు. మర్నాడు నాతోపాటు ల్యాబుకు వచ్చి మా మేడంని అనుమానంగా చూస్తూ కూర్చున్నారు. మేడం ఆయనకు టీ తెప్పించి, తన పిల్లల సంగతులు చెప్పాక నాన్న కాస్త మెత్తబడ్డారు. తిరిగి వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి, "ఆవిడ మంచిదే, మీ మామయ్యతో చెప్తాను" అన్నారు.

ఇక నీ బుడగలు. నువ్వడిగాకే మొదటిసారి నా చమురులో ఒక బుడగ పెట్టి చూశాను. చమురు తట్టుకున్నంత విద్యుత్ ఒత్తిడిని గాలి తట్టుకోలేదు. పైగా బుడగ లోపల ఆ ఒత్తిడి చుట్టూ ఉన్న చమురులోకన్నా ఎక్కువగా పేరుకుంటుంది. అంటే బలం లేని చోటే బరువు పెట్టినట్టు. వచ్చిన ఫలితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బుడగ లేనప్పుడు తట్టుకున్న ఓల్టేజీలో మూడోవంతుకే కొమ్మ మొదలై అవతలికి దాటేసింది. మూడోవంతు, అత్తా!

మేడం దీన్ని ఇంకా చూడలేదు, ఊళ్లో లేరు. అయినా ఆగలేక రాస్తున్నాను. పెద్దసారు ఏమన్నా సరే, తొందరపడి ఆన్ చేయకండి. ఆన్ చేసేటప్పుడు నువ్వు దాని దగ్గర నిలబడకు. ఇది ఊరికే తెలుసుకోవడానికి అడిగిన ప్రశ్నలా లేదు నాకు.

పిడుగు

జూన్ 20

పిడుగూ,

వాన మొదలైంది, తెరిపి ఇవ్వడం లేదు. ట్యాంకులో చమురు నింపాం. పంపు పెట్టి రోజూ కాసేపు తిప్పుతున్నాం, మిగతా సమయం నిలవనిస్తున్నాం. వాన వల్ల చిన్నదానికి మాత్రం కాస్త చల్లదనం దొరికింది.

నిన్న పెద్దసారు అందర్నీ కూర్చోబెట్టారు. ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చింది. పుట్టిన పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు కరెంటు మీదే నడుస్తాయట. చిన్నది కూడా కూలబడితే వాళ్ల జనరేటర్ ఎంతసేపు లాగుతుందో చెప్పలేనంది. ఆవిడ అరవలేదు, బతిమాలలేదు. ఉన్నమాట చెప్పి ఊరుకుంది.

పెద్దసారు నావైపు తిరిగారు. "విన్నారుగా? ఇంకా నిలవనిద్దామంటారా?"

అప్పుడు నీ ఉత్తరం తీసి, బుడగ ముక్క గట్టిగా చదివాను. మూడోవంతు అనగానే పెద్దసారు, "ఈ అమ్మాయి అసలు ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎప్పుడైనా దగ్గర నుంచి చూసిందా?" అన్నారు.

"చూసింది సార్. నాలుగేళ్లప్పుడు కంచె కింద నుంచి యార్డులోకి దూరింది. సెక్యూరిటీ అతను చంకలో ఇరికించుకుని బయటికి తెచ్చాడు. ఆ రోజు నుంచే దాన్ని పిడుగు అంటాం."

డాక్టరమ్మ నవ్వింది. పెద్దసారుకు నవ్వు రాలేదు గానీ, సోమవారం దాకా ఆగుతానన్నారు. అదీ నీ ఉత్తరం చేసిన పని.

చొక్కాలు ఆరడం లేదు. మీ మామయ్య ఇంట్లో అడ్డంగా తాడు కట్టారు. నడుస్తుంటే తడి చొక్కా చేతులు ముఖానికి తగులుతున్నాయి.

అత్త

జూన్ 24

అత్తా,

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. తప్పు చేశాను.

నీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది. పెద్ద డాక్టరమ్మ సంగతి, పసిపిల్లల పెట్టెల సంగతి చదివాను. నేను రాసిన ఒక్క ముక్క పట్టుకుని అక్కడ అంతమంది ఆగి కూర్చున్నారని నాకు ఇప్పుడే తెలిసింది. వెంటనే లెక్క మొత్తం మొదటి వరస నుంచి చూసుకుంటూ వచ్చాను. బుడగ దగ్గర, వ్యాసార్థం వేయాల్సిన చోట వ్యాసం వేశాను. బడిపిల్లలు చేసే తప్పు. నా బుడగ ఉండాల్సినదానికి రెండింతలుంది. సరిచేసి మళ్లీ నడిపితే మూడోవంతుకు కాదు, మూడింట రెండు వంతులు దాటాకే బ్రేక్‌డౌన్ అయింది. ప్రమాదం లేదని కాదు, కానీ నేను గుండెలు బాదుకున్నంత లేదు.

మేడం వచ్చారు. చూపించాను. "తప్పు నువ్వే పట్టుకున్నావు కదా, ముందు వాళ్లకు చెప్పు, తర్వాత ఏడువు" అన్నారు. వెంటనే మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. గుమస్తా గారు ఎత్తారు. లైనులో ఒకటే బరబర. "బుడగ నేను చెప్పినదాంట్లో సగమే, నేను భయపెట్టినంత భయం లేదు, అయినా టెస్టు చేశాకే ఆన్ చేసుకోమని చెప్పండి" అని అరిచి అరిచి చెప్పాను. "సరే సరే" అన్నారు. సరిగ్గా విన్నారో లేదో!

నా వ్యాసం వల్ల ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అన్ని రోజులు బరువు మోసింది. ఈలోపు దానికేమైనా అయితే? ఆ పసివాళ్లకు ఏమైనా అయితే? ఆ సమావేశంలో నీ పరువు కూడా తీశాను. ఏమైందో ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

పిడుగు

జూన్ 26

అత్తా,

మామయ్య నిన్న ఫోన్ చేశారు. "అంతా బాగుందమ్మా, నువ్వు బెంగపెట్టుకోకు. చమురు టప్పున పేలింది, పెద్దసారు ముఖం మాడిపోయింది, అంతే" అన్నారు. నేను "ఏమిటీ!" అనేలోగా లైను తెగిపోయింది. అప్పటి నుంచి ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోతోంది.

ముఖం మాడిపోవడం "అంతే" ఎలా అవుతుంది? ఆయన ఏ ఆస్పత్రిలో ఉన్నారు? కళ్లకేమైనా అయిందా? నువ్వు పక్కనే ఉన్నావా? నేను ఫోన్ చేసి భయం లేదన్నందుకే ఆన్ చేశారా? ఆయనకు పిల్లలున్నారా అత్తా?

నీ జవాబు రాకపోతే శనివారం బస్సెక్కుతాను.

పిడుగు

జూన్ 28

పిచ్చిపిల్లా,

పెద్దసారు ముఖం నిక్షేపంగా ఉంది. పొద్దున గడ్డం కూడా గీసుకుని వచ్చారు. మాడిపోయిందంటే చిన్నబోయిందని మీ మామయ్య భావం! పేలింది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, టెస్టు కప్పులో గుక్కెడు చమురు. అదీ పేలడం కాదు, ఒక నిప్పురవ్వ. చరిత్ర మాస్టారికి యుద్ధం లేనిదే వార్త చెప్పడం రాదు. నీ ఉత్తరం చూడగానే నేను ఆయన మీద విరుచుకుపడి, పక్కనే నిలబడి మీ హాస్టల్‌కు ఫోన్ చేయించాను. నువ్వు లేవట. "అందరూ క్షేమం, ఎవరికీ ఏమీ కాలేదు" అని నీ ఎదురుగది అమ్మాయికి చెప్పారు. ఈ కుటుంబంలో ఫోన్ మాట ఏది ఎలా చేరుతుందో నమ్మకం లేదు కాబట్టి అదే మాట ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. అందరూ క్షేమం. ఎవరికీ ఏమీ కాలేదు. బస్సెక్కాల్సిన పని లేదు.

ఇప్పుడు జరిగింది విను. సోమవారం అందరం యార్డులో ఉన్నాం, పెద్దసారు కూడా. గుమస్తా గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "మేడం, మీ మేనకోడలు ఫోన్ చేసింది. బుడగలు సగం పోయాయట, భయం లేదట, ఆన్ చేసుకోమంది!"

అంత దూరాన కూర్చుని నా ట్యాంకులో బుడగలు ఎలా లెక్కపెట్టిందబ్బా అని నేను నోరు తెరిచాను. పెద్దసారు ముఖం మాత్రం వెలిగిపోయింది.

"చూశారా! ఆపమన్న పిల్లే సరేనంటోంది. ఇంకేం కావాలి?"

"అది సరేనంటే కాదు సార్, చమురు సరేననాలి. ఒక్క శాంపిల్ తీసి చూద్దాం."

"శుక్రవారం పాసయింది కదండీ!"

"శుక్రవారం నుంచి ఒకటే వాన సార్. ఆ తర్వాత కూడా పంపు తిప్పాం."

"ఆస్పత్రి వాళ్లు నా ప్రాణాలు తోడేస్తున్నారు మేడం" అన్నారాయన. అధికారిలా అనలేదు, అలిసిపోయిన మనిషిలా అన్నారు. నాకు జాలేసింది. అయినా వాల్వు దగ్గరికి నడిచాను. ఆయన అడ్డు చెప్పలేదు, అది ఆయన మంచితనం.

కింది వాల్వు నుంచి సీసాలో చమురు పట్టి, టెస్టు గదిలో కప్పులో పోసి, తేరుకునేదాకా ఆగాం. అందులో రెండు ఇత్తడి గుండ్లు ఎదురెదురుగా ఉంటాయి, మధ్య సన్నటి సందు. ఓల్టేజీ పెంచుతూ పోయాను. ముల్లు సగం దాకా కూడా ఎక్కలేదు, టప్! గాజుమూత లోపల నీలం నిప్పు. చమురులో నల్లటి పోగు తేలింది. కలిపి, ఆగి, మళ్లీ చేశాం. మళ్లీ టప్. ఎన్నిసార్లు చేసినా అంతే. అదిగో, పెద్దసారు ముఖం మాడింది అప్పుడు.

ఇంత త్వరగా రవ్వ దూకిందంటే చమురులో తేమ చేరినట్టే, అది ఎక్కణ్నుంచి వస్తోందని వెతకడం మొదలుపెట్టాం. చివరికి పంపు పైపు జాయింటు దగ్గర దొరికింది. పంపు తిరుగుతుండగా మా టెక్నీషియన్ సబ్బునురగ రాస్తే, ఆ నురగ లోపలికి పీల్చుకుపోయింది. వాషరు పగిలి ఉంది. మేం బుడగలు పోవాలని కాచుక్కూర్చుంటే, ఆ జాయింటు మా చమురుకు కొత్త గాలీ వాన తేమా తాగిస్తోంది.

పెద్దసారు అడిగారు. "ఇందాక ఆన్ చేసి ఉంటే?"

"పెద్దది పోయేది సార్. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లూ పోయేవాళ్లు."

ఆయన అప్పటికప్పుడు ఆస్పత్రికి తానే వెళ్లి డాక్టరమ్మకు నచ్చజెప్పి వచ్చారు. ఆవిడ వాళ్ల దగ్గర ఆపగలిగే మిషన్లన్నీ ఆపించింది. చిన్నదాని మీద బరువు తగ్గింది. వాషరు మార్చాం, చమురు మొదటి నుంచి శుద్ధి చేశాం, నిలవనిచ్చాం. ఈసారి పెద్దసారే "ఇంకో పూట ఆగుదామా?" అని అడిగారు. టెస్టులో ముల్లు చివరిదాకా పోయింది, కప్పులో చడీచప్పుడు లేదు.

ఇవాళ పొద్దున యార్డు ఖాళీ చేయించి, అందరం కంట్రోల్ రూములో నిలబడి పెద్దదాన్ని ఆన్ చేశాం. అది బరువు ఎత్తుకుంది. చిన్నదాని ముల్లు మెల్లగా దిగడం మొదలైంది. మా టెక్నీషియన్ నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు, వదలడే! పెద్దసారు ఆస్పత్రికి ఫోన్ చేసి, "కరెంటు ఎలా ఉంది?" అని అడిగారు. "ఎందుకు, ఏమైంది?" అన్నారట అవతలి నుంచి. భారం చిన్నదాని మీద నుంచి పెద్దదాని మీదకి మారినట్టు వాళ్లకు తెలియనే లేదు. నా సర్వీసులో ఇంత మంచి మాట వినలేదే.

ఇక నీ తప్పు. నిలవనివ్వడం మా నియమం, నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది. నీ లెక్క లేకపోయినా నేను ఆపేదాన్నే. సమావేశంలో నీ ఉత్తరం చదివింది పెద్దసారు నోరు మూయించడానికి. అది వ్యాసమైనా వ్యాసార్థమైనా నాకు ఆ పూటకు పనికొచ్చింది. చిన్నదాన్ని మోయించింది నేను, నువ్వు కాదు. ఆ బరువు నా నెత్తిన పెట్టి నువ్వు హాయిగా పడుకో. తప్పు దొరికిన రోజే ఫోన్ చేశావు చూడు, దానికి మాత్రం నాకు గర్వంగా ఉంది.

అత్త

జూలై 5

అత్తా,

ఎదురుగది అమ్మాయి "అందరూ క్షేమం" అని చెప్పినప్పుడు సగమే నమ్మాను. నీ ఉత్తరం వచ్చాక మెట్ల మీదే కూర్చుని రెండుసార్లు చదివాను. తర్వాత గదికి వెళ్లి పడుకుంటే మర్నాడు మేడం మనిషిని పంపేదాకా లేవలేదు. ఈసారి బ్రేక్‌డౌన్ నాకే అయిందని ల్యాబులో అందరికీ చెప్పారట. మామయ్య చెవిన మాత్రం పడనివ్వకు.

ఆ పగిలిన వాషరు పారేయకపోతే నాకు పంపు. ఎందుకో చూడాలని ఉంది.

సరిచేసిన లెక్కను ఇవాళ పొద్దున మళ్లీ మొదలుపెట్టాను. శుభ్రమైన చమురు, బుడగ లేదు, తేమ లేదు, ఓల్టేజీ మీ పెద్దది రోజూ మోసేంతే. కొస దగ్గర చిన్న మొలకలాంటిది వచ్చింది. నేనూ మేడం కుర్చీలు దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. అది కాస్త సాగింది, ఇంకో కాస్త సాగి, అక్కడే ఆగింది. కొమ్మలు వేయలేదు. తర్వాత ఎన్ని గళ్లు లెక్క కట్టినా అంగుళం కదల్లేదు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇక ఇంటికి పో" అన్నారు.

ఇవాళ ఏమీ జరగలేదత్తా. ఆ మాట నీకు రాద్దామనే కూర్చున్నాను.

నీ పిడుగు